చేరేదాకా చీపురు పట్టకూడదు

శీతలాతలా లేన్‌కి తెల్లవారేది సన్యాసమ్మ ఈలతోనే. కలకత్తాలో ఓడలాగే ఖిదిర్‌పూర్ డాకు గోడ వెనక, రెండు రిక్షాలు ఎదురైతే ఒకటి వెనక్కి నడవాల్సినంత ఇరుకు సందు అది. పొద్దున్నే ఆవిడ ఈ చివర చీపురు మొదలుపెట్టి ఆ చివరి పంపు దాకా ఊడ్చుకుంటూ పోతుంది. ఆ తర్వాత తవిటమ్మతో కలిసి కార్పొరేషను చేతిబండి తోసుకుంటూ వచ్చి, మెడలో దారానికి కట్టుకున్న ఈల నోట పెట్టి ఊదుతుంది. ఆ ఈలకి మేడల మీది కోడళ్ళు, నిద్రకళ్ళ మొగుళ్ళు బక్కెట్లు పట్టుకుని దిగొస్తారు. దిగిరాని వాళ్ళు పైనుంచే విసురుతారు. విసిరినవాళ్ళ ఏడు తరాలనీ సన్యాసమ్మ శ్రీకాకుళం తెలుగులో దీవిస్తుంది. వాళ్ళకి తెలుగు రాదు కాబట్టి అందరూ సుఖంగానే ఉన్నారు.

సన్యాసమ్మకి అరవై నిండుతున్నాయి. రెండువేల ఆరు డిసెంబరు నెలాఖరుకి రిటైర్మెంటు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆమె మీద ఒక్క కంప్లైంటు లేదు. సందులో పుట్టి, పెరిగి, తలలు నెరిసినవాళ్ళు కూడా ఆమెను మాసీ, అంటే పిన్నీ, అనే పిలుస్తారు. ఆమె బెంగాలీలో సగం తెలుగు, పావు హిందీ, మిగతా పావు చేతులు తిప్పడం. అయినా ఆమె చెప్పదలుచుకున్నది ఎదుటివాడి బుర్రకెక్కకుండా ఎప్పుడూ పోలేదు.

భావనపాడు దగ్గర ఒక సముద్రపు పల్లె ఆమెది. మొగుడు గవరయ్య వేట మానుకుని, ఓడల్లో సరుకు ఎత్తి దించే పనికి డాకుకి వస్తే వెంట తనూ వచ్చింది. ఓడలు సరిగ్గా రాని నెలల్లో పొయ్యిలో పిల్లి లేవకపోతే, కార్పొరేషనులో రోజుకూలీగా చేరింది. కోడలు వీధులు ఊడుస్తోందని తెలిసి అత్త అప్పమ్మ ఊళ్ళో అన్నం మానేసి కూర్చుందట. అప్పమ్మ లెక్కలో చీపురు మామూలు వస్తువు కాదు. కొత్త కోడలికి ఆవిడ నేర్పిన మొదటి నీతే చీపురు నీతి.

"గడప దాటినోడు సేరేదాకా ఆ గుమ్మంలో సీపురట్టకూడదే, గుంటా. సేరేదాకా ఆడి అడుగులే ఆడికి తోడు. సేరినాక నీ ఇల్లు, నీ ఇష్టం."

లెఫ్టు ప్రభుత్వం వచ్చిన మరుసటేడు, తల్లికి ఒంట్లో బాగాలేదని గవరయ్య ఊరికి బయల్దేరాడు. మూట భుజాన వేసుకుని అతను సందు మలుపు తిరిగాడో లేదో, సన్యాసమ్మ చంటివాణ్ణి చంకన వేసుకుని గబగబా ఇల్లు ఊడ్చేసింది. డ్యూటీకి వేళ మించిపోతోంది మరి. ఆలస్యమైతే రేపట్నుంచి రావద్దంటారని భయం. అత్త నీతి గుర్తొచ్చేసరికి చెత్త గుమ్మం దాటిపోయింది. ఊళ్ళో ఉండగా గవరయ్య ఒకనాడు సరదాకి అన్నదమ్ములతో తెప్పెక్కాడు. తెప్ప తిరగబడింది. మిగతావాళ్ళు ఒడ్డుకొచ్చారు, గవరయ్య రాలేదు.

కబురందుకుని ఊరు వెళ్ళిన సన్యాసమ్మ అత్త కాళ్ళ మీద పడి, ఆయన బయల్దేరిన వెనకే చీపురు పట్టానని తన నోటితో తనే చెప్పుకుంది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అప్పమ్మ ఆ మాట పట్టుకుని, ఊరంతా వినేలా రాగం తీసి ఏడ్చింది. "నా కొడుకు ఎనకే సీపురట్టినాదమ్మా ఈ మారాణి! తొమ్మిది దినాలు నా సేతి కూడు తిన్నాడు నా తండ్రి, పదో దినం గంగమ్మ ఒట్టుకుపోనాదమ్మా!" అని. అప్పమ్మ పోయి చాలా కాలమైంది. ఆ ఏడుపు మాత్రం సన్యాసమ్మ చెవిలో అలాగే ఉండిపోయింది. వీధులన్నీ ఊడ్చే మనిషి, తన మొగుడి అడుగులు కూడా తనే ఊడ్చేసిందని ఆమె నమ్మకం. ఆ సంగతి కొడుక్కి కూడా చెప్పలేదు.

కొడుకు కామేష్ ఇప్పుడు సాల్ట్ లేక్‌లో కంప్యూటరు ఆఫీసుల వాళ్ళని తిప్పే బస్సు నడుపుతాడు. చీకటితో బయల్దేరతాడు. అక్కడికి చేరగానే తల్లికి మిస్డ్‌కాల్ ఇవ్వాలి. అది వచ్చేదాకా ఆమె ఇంట్లో చీపురు ముట్టదు. ఫోను ఒకసారి మోగి ఆగిందంటే కొడుకు చేరినట్టు. అప్పుడు ఇల్లు ఊడుస్తుంది. ఊడుస్తుందే గాని, సాయంత్రం వాడు గుమ్మంలో చెప్పులు విడిచేదాకా గుండె గుప్పెట్లోనే ఉంటుంది.

వీధిలో రోజూ ఇంతమంది పనులకెళ్తుంటే వాళ్ళ వెనకాల ఊడ్చెయ్యడం లేదా అని తవిటమ్మ ఒకసారి అడిగింది. తవిటమ్మ వయసులో చిన్నది, బండికి రెండో చెయ్యి, నోరు మాత్రం మొదటిది. సన్యాసమ్మ తడుముకోలేదు. "ఆల గుమ్మాలు ఆలవి. ఆలని సాగనంపినోలు ఇంట్లో ఉన్నారు. మనం సాగనంపితేనే మన గుమ్మం అవుద్ది." ఈ చట్టం ఏ పుస్తకంలో ఉందని తవిటమ్మ అడగలేదు.

ఆ డిసెంబరులో సందు మొత్తానికి ఒకటే ముచ్చట. తండ్రి గుజరాత్ వాడైన ఒక అమ్మాయి అమెరికా నుంచి అంతరిక్షానికి వెళ్తోంది. మొత్తం ఏడుగురు. ఎనిమిదో తేదీ పొద్దున, మన లెక్కలో ఎనిమిది గంటలకి ప్రయాణం. తరుణ సంఘం క్లబ్బు వాళ్ళు టీవీని కిటికీకి ఎదురుగా తిప్పి పెట్టారు, సందులో నిలబడ్డవాళ్ళకి కూడా కనిపించేలా. పక్కన కుర్చీ వేసుకుని శశాంక బాబు కూర్చున్నాడు. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు, క్లబ్బు అధ్యక్షుడు, పార్టీ మనిషి. రాష్ట్రంలో ఇరవై తొమ్మిదేళ్ళుగా తమ ప్రభుత్వమే కాబట్టి సందులో కూడా తన మాటే చెల్లాలంటాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మనిషి మంచివాడే.

చెత్తబండి క్లబ్బు దగ్గర ఆపి సన్యాసమ్మ కూడా చూసింది. ఎత్తైన నారింజరంగు పీపాని కరుచుకుని తెల్లటి ఓడ నిలబడి ఉంది.

"ఎందుకెళ్తున్నారు బాబూ అంత పైకి?"

"ఇల్లు కడుతున్నారు మాసీ. ఆకాశంలో, ముక్క ముక్కా తీసుకెళ్ళి బిగిస్తున్నారు. ఈసారి ఒక ఇనప దూలం తీసుకెళ్తున్నారు. ఇంట్లో కరెంటు తీగలన్నీ విప్పి మళ్ళీ కలుపుతారు. పని అయ్యాక మిగతావాళ్ళు దిగొచ్చేస్తారు, ఈ అమ్మాయి మాత్రం ఆరు నెలలు అక్కడే ఉంటుంది."

"ఇల్లు పూర్తవకుండానే కాపురమా?"

"ఆరేళ్ళుగా మనుషులు ఉంటున్నారు. ఒకళ్ళు వస్తారు, ఒకళ్ళు వెళ్తారు, పని సాగుతుంది."

ఆ మాట సన్యాసమ్మకి వింతగా తోచలేదు. శీతలాతలా లేన్‌లో పూర్తయిన ఇల్లు ఆమె ఇంతవరకూ చూడలేదు. దూలం అనగానే గవరయ్య గుర్తొచ్చాడు. ఓడ కడుపులోంచి ఇనప దూలాలు గాల్లోకి లేస్తుంటే కింద నిలబడి, చెయ్యెత్తి "హాబీస్, హాబీస్" అని కేకలేసేవాడు. ఎత్తమని అర్థం. దించమంటే "ఆరియా." రాత్రి నిద్రలో కూడా ఒక్కోసారి ఆ రెండు మాటలే కలవరించేవాడు.

ఆ రోజు ఓడ లేవలేదు. లెక్కపెట్టడం చివరిదాకా వచ్చి ఆగిపోయింది. మబ్బులు కిందికి దిగాయని ప్రయాణం వాయిదా వేశారు. శశాంక బాబు తనే ఆపేసినంత మొహమాటపడ్డాడు. సన్యాసమ్మకి ఏ మొహమాటమూ లేదు. "మబ్బు సూసి ఆగినాలు మంచోలు" అని తవిటమ్మతో అని, బండి ముందుకి తోసింది. మూడేళ్ళ కిందట ఇదే టీవీలో, మన దేశంలోనే పుట్టిన ఇంకో అమ్మాయి ఎక్కిన ఓడ తిరుగుదారిలో ముక్కలై రాలడం సందంతా నిలబడి చూసింది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గాని అందరి మనసులోనూ అదే ఉంది.

ఆదివారం మళ్ళీ ముహూర్తం. ఆదివారాలు డ్యూటీ ఏడింటికి. సన్యాసమ్మ చీపురు పట్టుకుని వచ్చేసరికి సందంతా క్లబ్బు ముందే ఉంది. టీకొట్టు నిమాయ్ స్టవ్వు వదిలేసి వచ్చాడు. సరేలే, ఇదొక్కటి చూసి మొదలుపెడదామని క్లబ్బు గడప పక్కన ఆవిడా నిలబడింది.

ఇక్కడ పొద్దెక్కుతోంది, అక్కడ రాత్రి. చీకట్లో తెల్లటి ఓడ. ఆకుపచ్చ చెరువు పక్కన కొంగ నిలబడ్డట్టు కదలకుండా నిలబడి ఉంది. అంకెలు తగ్గుతూ వచ్చి సున్నా అయ్యేసరికి కింద నిప్పు పుట్టింది. క్షణంలో అక్కడి రాత్రి పగలైపోయింది. ఓడ లేచింది. ముందు మెల్లగా, బరువు తెలుస్తున్నట్టు. ఆపైన దాన్ని ఆపేవాడెవడూ లేనట్టు. సందులో ఎవరో శంఖం ఊదారు. మేడ మీంచి ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ శుభానికి చేసే ఉలూ ధ్వని చేశారు. సన్యాసమ్మ కుడిచెయ్యి తనకి తెలియకుండానే పైకి లేచింది.

"ఎల్లిరా తల్లీ. సల్లగా ఎల్లిరా" అంది.

తెరమీద నిప్పు చుక్కంతై, చుక్క కూడా చిన్నదైపోయాక జనం కబుర్లలో పడ్డారు. సన్యాసమ్మ అలవాటుకొద్దీ వంగి చీపురు నేలకి ఆనించింది. వంగిన నడుం వంగినట్టే ఆగిపోయింది. చీపురు తీసి క్లబ్బు గోడకి ఆనించి పెట్టింది.

"ఏటైనాదే? నడుం ఒట్టీసినాదా?" తవిటమ్మ అడిగింది.

"సీపురట్టకూడదు. గుంట ఇప్పుడే బయిలెల్లినాది."

"బయిలెల్లినాది అమెరికాలో కదేటే!"

"ఈ గడప కాడ నిలబడే కదేటి సాగనంపినాను? సందు సందంతా నిలబడ్డారు. శంఖం ఊదినారు. ఇంకేటి కావాల? ఆ గుంట సేరేదాకా ఇది మన గుమ్మమే."

తవిటమ్మ ముక్కున వేలేసుకుంది. సంగతి బెంగాలీలోకి వెళ్ళి శశాంక బాబు చెవిన పడింది. ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఎప్పటికి చేరుతుంది బాబూ?" అని ఆమె అడిగితే, "ఎల్లుండి, మంగళవారం తెల్లవారకముందు" అన్నాడు.

"అదెంత దూరం?"

"కలకత్తా నుంచి మీ ఊరికంటె దగ్గరే."

"మరి రెండు రోజులేమిటి?"

"ఆ ఇల్లు ఒకచోట నిలబడదు మాసీ. పరిగెడుతూ ఉంటుంది. వెనకాల తరిమి, దానితో సమానంగా నడిచి, మెల్లగా అంటుకోవాలి. నడిచే ట్రామెక్కడం లాంటిది."

"అయితే మంగళవారం పొద్దున ఊడుస్తాను" అంది సన్యాసమ్మ.

అప్పటికి శశాంక బాబుకి అసలు విషయం అర్థమైంది. ఇక అందుకున్నాడు. ఇది సైన్సు యుగమన్నాడు. మూఢనమ్మకాల మీద సందు మొత్తానికి పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ఓడని పైకి లేపింది ఇంధనం, లెక్కలు, వేలమంది కష్టం తప్ప ఖిదిర్‌పూర్‌లో చీపురు కాదన్నాడు. అన్నీ నిజమే. సన్యాసమ్మ తల వంచుకుని అంతా విన్నది.

"నాకు తెలియదు బాబూ, మీరే చెప్పండి. నేనిప్పుడు ఊడ్చేస్తే ఆ పిల్లకి ఏమీ కాదని మీరు మాటివ్వగలరా?"

మాస్టారు నోరు తెరిచాడు. ఊడ్చినా ఊడవకపోయినా ఆ పిల్లకి ఏమీ కాదని మాటివ్వడం లెక్కలు తెలిసినవాడికి కూడా కష్టమే. మూడేళ్ళ కిందటి తెర ఆయనకీ గుర్తుంది. ఏదో గొణిగి కూర్చున్నాడు.

తవిటమ్మ ఆమెను పంపు దగ్గరికి లాక్కెళ్ళింది. "నీకు మతి పోనాదేటే? రేపు సోమారం పెద్దాఫీసరు వార్డు సూడ్డానికొస్తాడని ఓవర్సీరు హాల్దార్ బాబు మొన్ననే సెప్పినాడు. రోడ్డు ఇలగుంటే సస్పెండు సేస్తాడు. నెలాఖరుకి దిగిపోయే దానివి. పింఛను కాగితాలు ఆగిపోతే ఆల సుట్టూ ఎవులు తిరుగుతారు? నీకు పాపం అనుకుంటే అవతలికి పో, నాను తుడిసీస్తాను."

"ఎవులట్టినా సీపురు సీపురే" అంది సన్యాసమ్మ. పంపు గట్టు మీద కూర్చుంది. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది తవిటమ్మకి చెప్పింది. అత్త చీపురు నీతి, చంకన పిల్లాడు, డ్యూటీ వేళ, గుమ్మం దాటిపోయిన చెత్త, తెప్ప, అత్త ఏడుపు, ఆ ఏడుపులో ప్రతి మాటా. చెప్పి, "ఒక్కసారి సేసినాను. ఇంకోసారి నా సేత కాదే. సస్పెండు సేస్తే సెయ్యనీ" అంది. తవిటమ్మ లేచింది. తనే చీపురు తీసుకెళ్ళి బండి కింద దాచేసింది, కళ్ళెదురుగా ఉంటే చెయ్యి ఊరుకోదని.

సన్యాసమ్మ ఊడవను అంది గాని పని చెయ్యను అనలేదు. చెత్త ఎత్తుకుపోవడం వేరు, చీపురు పట్టడం వేరు అని ఆమె చట్టంలో రెండో సెక్షను. ఈల ఊదుకుంటూ ఇంటింటికీ వెళ్ళింది. మంగళవారం దాకా ఏదీ కింద పారెయ్యకండి, పూటకోసారి నేనే బండి తెస్తాను, చేతికివ్వండి అని చెప్పింది. ఎందుకని అడిగినవాళ్ళకి దాచకుండా ఎందుకో చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు పిచ్చిముండ అనుకున్నారు. కాని తాము ఉలూ ధ్వని చేసి సాగనంపిన పిల్ల కాబట్టి, పట్టుబట్టి కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆదివారమంటే ఇంటింటా చేపలూ మాంసమూను. ఆ సందులో ఆ పూట నేలమీద పడని పొలుసుండదు. అలాంటిది, నిమాయ్ తన కొట్టు ముందు ఒక డబ్బా పెట్టి, టీ తాగిన మట్టికప్పుని రోడ్డుకేసి కొట్టబోయిన ప్రతివాడి చెయ్యీ పట్టుకున్నాడు. రెండో అంతస్తు బోసు వారి ముసలావిడ, సన్యాసమ్మ దీవెనల్లో పెద్ద వాటా ఎప్పుడూ ఆవిడదే, కూరగాయలు పైకి లాక్కునే తాడుసంచిలో చేప తలకాయలు పెట్టి, బండిలోకి జాగ్రత్తగా దింపింది. "ఆరియా, ఆరియా" అంటూ సన్యాసమ్మ కిందనుంచి చెయ్యి ఊపింది. అన్నాక తనకే నవ్వొచ్చింది.

మనుషులు మాట విన్నారు గాని చెట్టు వినలేదు. పంపు పక్క నాటుబాదం చెట్టు ఆ చలికి రాత్రికి రాత్రే ఆకులన్నీ దులిపేసుకుంది. సోమవారం పొద్దున మంచు తెర వీడేసరికి అరచేతులంత ఎర్రటి ఆకులు సందు పొడుగునా పరుచుకున్నాయి. తొమ్మిదింటికి ఆఫీసరు.

తవిటమ్మ బండి కిందికి ఒకసారి చూసి, మళ్ళీ సన్యాసమ్మ కేసి చూసింది. సన్యాసమ్మ కొంగు నడుముకి బిగించి, కూర్చుని, మొదటి ఆకు చేత్తో తీసింది. తర్వాత రెండోది. ఒళ్ళో నిండాక బండిలో వేసి మళ్ళీ కూర్చుంది. ఆ నడుముతో, ఆ మోకాళ్ళతో ఒక్కో ఆకూ ఏరుకుంటూ సందంతా పోవడమంటే చూసేవాళ్ళకే నొప్పి. తవిటమ్మ తిట్టుకుంటూ ఆ చివరినుంచి మొదలుపెట్టింది. కాసేపటికి నిమాయ్ వచ్చి తన కొట్టు ముందువి ఏరాడు. పై అంతస్తుల వాళ్ళు ఒక్కొక్కరే దిగొచ్చి ఎవరి గుమ్మం ముందువి వాళ్ళు తీశారు. శశాంక బాబు పేపరు చంకలో పెట్టుకుని అంతా చూస్తూ నిలబడ్డాడు. చివరికి అరిగిన మోకాలు పట్టుకుని ఆయనా వంగాడు. "ఇది నమ్మకం కాదు, తనిఖీ ఉంది కాబట్టి" అని ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పాడు.

ఆఫీసరు జీపు సందులోకి దూరదు. ఆయన మలుపులోనే దిగి, ఈ చివరినుంచి ఆ చివరికి ఒక చూపు చూసి, "బాగుంది" అని మళ్ళీ ఎక్కాడు. వెనక మిగిలిన ఓవర్సీరు హాల్దార్ బాబు మాత్రం నాలుగడుగులు లోపలికొచ్చి నేలకేసి చూశాడు. ఆకు లేదు, పుల్ల లేదు, చీపురు గీత కూడా లేదు. "ఎలా ఊడ్చావు మాసీ?" అన్నాడు. "ఊడవలేదు బాబూ, రేపు ఊడుస్తాను" అంది సన్యాసమ్మ. ఆయన ఇంకేదో అడగబోయి, జీపు హారను కొడితే పరిగెత్తాడు.

ఉద్యోగ గండం గడిచింది. సన్యాసమ్మకి మాత్రం తేలికపడలేదు. పైన నడిచే ట్రాము వెంట ఆ పిల్ల ఇంకా పరిగెడుతూనే ఉంది. ఆ రోజంతా ఆమె అన్నం సరిగ్గా తినలేదు. ఇదేం జబ్బని కామేష్ అడిగితే వాడి మీద కసిరింది.

మంగళవారం ఆమె సందులోకి వచ్చేసరికి శశాంక బాబు శాలువా కప్పుకుని క్లబ్బు గడప మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఇంట్లో టీవీ ముందు జాగారం చేసినట్టున్నాడు. దూరంనుంచే చెయ్యెత్తాడు.

"చేరింది మాసీ! అంటుకుంది. తలుపు తీశారు. లోపలివాళ్ళు ఎదురొచ్చి కౌగిలించుకున్నారు."

సన్యాసమ్మ రెండు చేతులూ జోడించింది. ఎవరికని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. తవిటమ్మ బండి కిందినుంచి చీపురు తీసి చేతికిచ్చింది.

"ఇదిగో, ఒట్టుకో. సేరినాది. మన పూచీ తీరిపోనాది. ఇంక ఆ గుంట అక్కడ గోడలే ఎక్కుద్దో, దూలాలే బిగిస్తాదో, సేరినాక ఏటైనా మన సీపురికి సమ్మందం నేదు."

సన్యాసమ్మ చీపురు నేలకి ఆనించింది. ఒక దెబ్బ వేసింది. రెండో దెబ్బకి చెయ్యి ఆగింది.

"తవిటీ, ఏటన్నావు?"

"ఏటన్నాను? సేరినాక సమ్మందం నేదన్నాను. నీ అత్త సెప్పిన మాటే కదే అది, మొన్న నువ్వే సెప్పినావు. సేరినాక నీ ఇల్లు నీ ఇష్టమని."

సన్యాసమ్మ నడుం నిటారు చేసి ఆమెకేసి తిరిగింది. ఎవరి సంగతో చెప్తున్నట్టు మెల్లగా అంది.

"మీ మావ సేరేడే."

"ఏటి?"

"మీ మావ ఊరు సేరేడే, తవిటీ. బండి దిగి ఇంటికెల్లేడు. తొమ్మిది దినాలు అమ్మ సేతి కూడు తిన్నాడు. నా అత్త ఏడుపులోనే ఉన్నాది ఆ మాట. సేరేడే!"

తవిటమ్మకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక నోరు కొట్టుకుంది. "ఓలమ్మో, అవునే! మొన్న నువ్వు సెప్తే నానూ ఇన్నాను, నాకూ తట్టలేదే! సేరినాకే కదేటి పోనాడు. ఆ ముసల్దాని నీతి పెకారమే నీ తప్పు నేదు కదే!"

ఏ రోజు తలుచుకున్నా ఆ ఏడుపు మొదటి మాట దగ్గరే సన్యాసమ్మ గుండె ఆగిపోయేది. రెండో మాట చెవిలో పడేది గాని లోపలికి దిగేది కాదు. అత్తకీ తట్టలేదేమో, తట్టినా కొడుకు పోయిన దుఃఖంలో ఎవరి మీదో ఒకరి మీద వెయ్యాలి కదా. ఎదురుగా చీపురు పట్టిన కోడలు ఉంది. సన్యాసమ్మకి ఇప్పుడు ఆవిడ మీద కోపం కూడా రాలేదు. పంపు గట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గవరయ్య పోయినప్పుడు తప్పు చేసినదాన్ననే భయంతో సరిగ్గా ఏడవలేదు. మొగుడి కోసం, కేవలం మొగుడి కోసమే ఏడవడం ఆమెకి అదే మొదలు.

శశాంక బాబు కంగారుగా లేచి వచ్చాడు. "ఏడవకు మాసీ, క్షేమంగా చేరింది కదా!"

"సేరేడు బాబూ, సేరేడు" అంది సన్యాసమ్మ తెలుగులోనే. ఆయనకి తెలుగు రాదు. ఆ పిల్ల కోసం ఒక చీపురు మనిషి ఇంత ఏడుస్తోందేమిటని ఆయన కళ్ళు కూడా చెమర్చాయి. "అవును, అవును" అని తల ఊపుతూ నిలబడ్డాడు.

అప్పుడు ఆమె లేచింది. మొహం కడుక్కుని, చీపురు తీసుకుని, ఈ చివర మొదలుపెట్టింది. రెండు రోజుల దుమ్ము, రాత్రి రాలిన ఆకులు. అంత బలంగా ఆమె ఊడవడం తవిటమ్మ ఎన్నడూ చూడలేదు. దుమ్ము లేచి నిమాయ్ పాలగిన్నె మీదికి వెళ్తే అతను మూత వేసుకుని లబలబలాడాడు. ఆమె వినిపించుకోలేదు. పంపు దాకా ఊడ్చి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి మళ్ళీ క్లబ్బు గడప దాకా ఊడ్చింది.

నెలాఖరుకి సన్యాసమ్మ రిటైరైంది. ఈల తవిటమ్మ మెడలోకి వెళ్ళింది. ఆచారం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ కామేష్ బయల్దేరాక మిస్డ్‌కాల్ వచ్చేదాకా ఇంట్లో చీపురు ముట్టదు. ఫోను ఒకసారి మోగి ఆగగానే ఇల్లు ఊడ్చుకుని, టీ పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని నిదానంగా తాగుతుంది. సాయంత్రం దాకా మళ్ళీ వాడి సంగతే తలుచుకోదు.